ఉల్టా చెయ్యి

పోయిన వారం మా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే కోడలికి చెయ్యి జివ్వుమంది. కేకేస్తే వంటింట్లోకి పోయాను. కుడిచెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపు తలుపుకు ఆనించి చూశాను. నిజమే, కొద్దిగా కరెంటు వస్తోంది. ప్లగ్గు పీకేసి మెకానిక్‌కు ఫోన్ చెయ్యమన్నాను. "అట్ల ఉల్టా చెయ్యితోటి చూస్తరేంది అత్తమ్మా?" అని నవ్వింది కోడలు. అలవాటు అన్నాను. ఎవరు నేర్పారని మాత్రం అడగలేదు. నేర్పిన మనిషి పేరు నాకు తెలియదు. ఆ మనిషి మా ఇంటికి వచ్చే రోజుల్లో అడగాలనిపించలేదు. తర్వాత అడిగే మొహం లేకపోయింది.

మా వాడకట్టులో అందరూ ఆయన్ని కరెంటాయన అనేవారు.

తొంభైల్లో మేం అశోక్ నగర్‌లో ఉండేవాళ్లం. నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఒక ఎండాకాలం మా ఇనుప కూలర్ షాక్ కొట్టడం మొదలుపెట్టింది. మా అత్తమ్మ దానికో దండం పెట్టి, విసనకర్ర పట్టుకుని వరండాలో కూచుంది. సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె, తమ బస్తీలో కరెంటు పని తెలిసిన మనిషి ఉన్నాడని, పొద్దునపూట ఖాళీగానే ఉంటాడని చెప్పి ఆయన్ని పంపింది.

యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాల. పాలమూరు వైపు ఏదో ఊరు. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చీ రాగానే కూలర్ మీద చెయ్యి వెయ్యలేదు. పరాయి వాళ్ల కుక్కను చూసినట్టు కాసేపు దూరం నుంచి చూశాడు. తర్వాత దగ్గరికి పోయి వేళ్ల వెనక వైపుతో ఇట్టే తాకి తీశాడు. పక్కనున్న నల్లాను, కిటికీ ఊచను కూడా అట్లాగే తాకాడు. నేను ఎమ్మెస్సీ చదివిన మనిషిని కదా, టెస్టర్ లేదా అని కొంచెం ఎటకారంగానే అడిగాను.

"టెస్టర్ ఉన్నది టీచరమ్మా. అది ఖరాబైతె మనకు చెప్పదు గదా," అన్నాడు. "అరచెయ్యి పెడితే కరెంటు పట్టుకుంటది, ఇడువది. ఉల్టా చెయ్యి పెడితే ఇసిరి కొడ్తది. ఇసిరి కొడ్తె పానం ఉంటది."

కరెంటు పారితే చేతి కండరాలు ముడుచుకుంటాయి, పిడికిలి బిగుసుకుంటుంది. నేను క్లాసులో ఈ ముక్క చెప్పినదాన్నే. చెప్పాను గానీ, దాన్నిబట్టి చెయ్యి తిప్పుకోవాలని నాకెప్పుడూ తట్టలేదు.

కూలర్ బాగుచేశాక అత్తమ్మ స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చింది. ఆయన గ్లాసును కూడా ముందు వేళ్ల వెనక వైపుతో తాకి, అప్పుడు అందుకున్నాడు. అత్తమ్మకు కోపం వచ్చింది. మా గ్లాసులో కూడా కరెంటు ఉంటుందా అని అడిగేసింది. పాపం సిగ్గుపడిపోయాడు. ఇనుము కనిపిస్తే చెయ్యి దానంతటదే తిరుగుతుందని, ఇంట్లో పెండ్లాం కూడా తిడుతుందని చెప్పుకున్నాడు. ఆ తర్వాత మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు, మెట్ల మీద లైటుకు, ఏదో ఒకదానికి వస్తూనే ఉన్నాడు. కొన్ని నెలలకు మా గ్లాసును నేరుగా అరచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేనది చూసి, ఏం, ఇవాళ చూసుకోలేదే అని ఆటపట్టించాను.

"మీ ఇంట్ల గ్లాసుకు చూసుడెందుకు టీచరమ్మా," అన్నాడు. "నమ్మకం గదా."

ఈ మాట గుర్తుంచుకోమని పాఠకులకు మనవి.

ఆయన అసలు ఉద్యోగం డ్యాషింగ్ కార్ల దగ్గర. నారాయణగూడలో మా కాలేజీ వెనక, ప్రహరీ ఉన్న ఒక ఖాళీ జాగాలో ఎవరో కాంట్రాక్టర్ చిన్న జెయింట్ వీల్, గుర్రాల రంగులరాట్నం, జనం ఎక్కి ఒకరినొకరు గుద్దుకుంటూ తిరిగే డ్యాషింగ్ కార్ల షెడ్డు పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి తెరిచేవారు. కాలేజీ నుంచి ఇంటికి పోయే దారి కాబట్టి ఆ రేకుల షెడ్డు ముందు కాసేపు నిలబడేదాన్ని. చిన్నపిల్లల సరదా అనుకోకండి. నాకు కావలసిన పాఠం అక్కడ నడుస్తూ కనిపించేది.

ఆయన చెప్పే తీరు వేరు. పైన జాలి, కింద రేకు, నడుమ కారు. స్విచ్ వేస్తే షెడ్డు కప్పుకు కట్టిన ఇనుప జాలిలో కరెంటు నిండుతుంది. ఒక్కో కారు వెనక నిలువుగా ఒక కడ్డీ. దాని కొసన ఉన్న రేకు ముక్క జాలిని రాసుకుంటూ పోతుంది. అందుకే చిటపట మెరుపులు. కరెంటు కడ్డీలోంచి దిగి, కారు కింద మోటారు తిప్పి, చక్రం గుండా నేల మీద పరిచిన ఉక్కు రేకులోకి పోతుంది. "పైనకెల్లి ఒస్తది, పని జేస్తది, కిందికెల్లి ఇంటికి వోతది," అనేవాడు. చేతిలో స్టీరింగు, కాలు కింద పెడల్ తప్ప కార్లో ఇంకేం లేదు. తాళం లేదు, బ్రేకు లేదు. చుట్టూ లావు రబ్బరు. అన్ని కార్లకూ కలిపి స్విచ్ ఒక్కటే, అది ఆయన చేతిలో. గుద్దుకున్నప్పుడు కారు ఆగుతుంది గానీ లోపలి మనిషి ఆగడు, బక్కవాళ్లు ఎక్కువ ఎగురుతారు. అందుకని ఆయన బక్కవాళ్ల పక్కన లావువాళ్లను కూచోబెట్టేవాడు. లావువాళ్లకు అది నచ్చేది కాదు.

షెడ్డు ముందు ఆయన సొంత చేత్తో రాసిన బోర్డు ఒకటి ఉండేది. చెప్పులు విప్పరాదు. మన ఊళ్లో గుడి ముందు, ఇంటి ముందు, ఆఖరికి ఆ రోజుల్లో కంప్యూటర్ గది ముందు కూడా చెప్పులు విడవాల్సిందే. విప్పవద్దని చెప్పే బోర్డు ఊరంతటికీ అదొక్కటే అనుకుంటాను. జనం చదివి నవ్వుకుని, అలవాటు కొద్దీ విప్పేసేవారు. ఆయన తన స్విచ్ ఉన్న గూట్లోంచి అరిచేవాడు. కాలు బయటపెట్టినా అరిచేవాడు.

ఎందుకో నాకొకసారి చెప్పాడు. "ఉరికే కారుతోటి భయం లేదు టీచరమ్మా. నిలవడ్డ కారుతోటే భయం."

చక్రానికీ రేకుకూ నడుమ ఏదైనా చెత్త అడ్డం పడితే కరెంటుకు దారి తెగుతుంది, కారు నిలబడిపోతుంది. చూసేవాళ్లకు అది చచ్చిన కారు. కానీ పైనుంచి వచ్చిన కరెంటు దిగే దారి లేక అందులోనే కాచుకుని ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా ఇనుప స్టీరింగు పట్టుకుని, వట్టి కాలు రేకు మీద పెడితే, ఆ మనిషే దారి అవుతాడు. మనవాళ్లకేమో స్కూటర్ ఆగితే కాలు కింద పెట్టి తోసే అలవాటు. ఆ కరెంటు ఇంటి కరెంటులో సగం కూడా ఉండదు, నిజమే. అది చాలదా అని ఆయన అనేవాడు.

అందుకని ఏ కారు నిలబడినా స్విచ్ గుంజేసేవాడు. కార్లన్నీ ఆగేవి. జనం గొణిగేవారు. ఆయన తాపీగా దిగి, కారును తుంటితో జరిపి, కింద కిరోసిన్ గుడ్డతో తుడిచి, మళ్లీ గూట్లోకి వచ్చి గంట కొట్టేవాడు. ఆట నడుస్తున్నంతసేపు ఎడమచెయ్యి స్విచ్ మీదనుంచి కదిలేది కాదు. చాయ్ కుడిచేత్తో. బీడీ మానేశాడు, అగ్గిపుల్ల గియ్యడానికి రెండు చేతులు కావాలని. ఒంటికి పోవాలన్నా ఆట బంద్ చేసి పోతాడని కాంట్రాక్టర్ నవ్వుతూనే తిట్టేవాడు. ఎన్ని ఊళ్లలో ఎన్ని ఎగ్జిబిషన్లలో చేసినా, తన స్విచ్ కింద ఒక్కరికి గోరు కూడా ఊడలేదని ఆయనకు గొప్ప. ఆయనకున్న ఆస్తి అదొక్కటే.

ఆయన్ని ఎరిగిన మూడో ఏడు దసరా వచ్చింది.

దసరాకు బండికి పూజ చెయ్యని వాడు మన ఊళ్లో ఎవడున్నాడు? కాంట్రాక్టర్ డ్యాషింగ్ కార్లకు కూడా చేయించాడు. ప్రతి కారుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఉక్కు రేకు మీదే కొబ్బరికాయ. ప్రతి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. మొక్కేదేదో పైన మొక్కండి, కింద మాత్రం వద్దని కరెంటాయన మొత్తుకున్నాడట. కాంట్రాక్టర్ వినలేదు. పైగా మూడు రోజులు కుంకుమ తుడవద్దు, అరిష్టమన్నాడు. నిమ్మతొక్కలు చక్రాల కింద నలిగి, పసుపుతో కలిసి, రేకు మీద పొలుసు కట్టాయి.

సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజు, సాయంత్రం, నేను ఎనిమిది మంది సెకండియర్ అమ్మాయిలను వెంటబెట్టుకుని అక్కడికి పోయాను. సర్క్యూట్ పాఠం చూపిద్దామని. ప్రిన్సిపాల్‌ను అడగలేదు. ఇంత దగ్గరికి అడగడమేమిటి అనుకున్నాను. లోపల కిటకిట. పండగ జనం గేటుదాకా ఉన్నారు. రెయిలింగ్ దగ్గర వరసగా చెప్పులు. పూలు, కుంకుమ, పసుపు చూసి ఎవరికీ చెప్పులతో ఎక్కబుద్ధి కాలేదు. ఆయనకు అరిచి అరిచి గొంతు పోయింది.

గూటి దగ్గరికి పోయి, పిల్లలకు కొంచెం చెప్పమని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కిందంతా ఖరాబుగా ఉందని, ఈ మూడు రోజులు స్విచ్ విడిచి రానని అన్నాడు. ఈ ఆట అయిపోనివ్వమన్నాడు. నాకేమో చీకటి పడకముందే పిల్లల్ని బస్సెక్కించాలి.

"రెండు నిమిషాలే రాండన్నా," అన్నాను. "మీరు చెప్తేనే వాళ్లకు అర్థమైతది."

మెచ్చుకోలు మాట. అది ఎట్లా పనిచేస్తుందో నాకు తెలుసు, అందుకే వాడాను. ఆయన ఒకసారి పిల్లల వైపు చూశాడు, ఒకసారి నా వైపు. పక్కన నిలబడ్డ కాంట్రాక్టర్ బామ్మర్దిని పిలిచి, అతని చెయ్యి తీసుకుని తనే స్విచ్ మీద పెట్టాడు. ఏ కారు నిలబడినా ఇంకేం చూడకుండా గుంజమని రెండుసార్లు చెప్పాడు.

షెడ్డు ఈ చివర రెయిలింగ్ దగ్గరికి వచ్చి, వేలితో జాలి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లలు కళ్లప్పగించి విన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. అదంతా నేనే చేసి చూపిస్తున్నట్టు నాకు గర్వం. ఆయన కార్లకు వీపు తిప్పి నిలబడటం అదే మొదటిసారి చూశాను. ఆ వీపు వెనక ఒక పచ్చ కారు నిలబడిపోయింది. అందులో పాతికేళ్ల కుర్రవాడు పెడల్ తొక్కి, స్టీరింగ్ తిప్పి, చివరికి తోయడానికి కాలు బయటపెట్టాడు. వట్టికాలు. నాకు కనిపించింది. పాఠం చెప్పేదాన్ని, నాకు పాఠం గుర్తు రాలేదు.

కుర్రవాడి ఒళ్లు విల్లులా వంగింది. స్టీరింగ్ మీద చెయ్యి ఊడిరాలేదు. పిల్లలు కెవ్వుమంటే ఆయన వెనక్కి తిరిగి, గుంజమని అరిచాడు. బామ్మర్ది స్విచ్ వదిలేసి కిటికీలోంచి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కారు మాకు నాలుగడుగుల దూరం. స్విచ్ షెడ్డు అవతలి కొసన. ఆయన కుర్రవాడికి వీపు తిప్పి, అవతలి కొసకు పరుగెత్తాడు.

అందరూ చూశారు. మనిషి కొట్టుకుంటుంటే పక్కనున్నవాడు పారిపోతున్నాడని ఎవరో కేకేశారు. ఒకాయన చొక్కా పట్టుకుని ఆపబోయాడు. చొక్కా చిరిగింది. ఆయన ఆ చిరిగిన చొక్కాతోనే పోయి స్విచ్ గుంజాడు. కార్లన్నీ ఆగాయి. కుర్రవాడు పక్కకు ఒరిగి పడ్డాడు. మణికట్టు విరిగింది, పెదవి చిట్లింది. పానం ఉంది. ముట్టుకుని లాగబోయి ఉంటే ఇద్దరూ పోయేవారు. ఆ జనంలో ఈ సంగతి తెలిసిన రెండో మనిషిని నేను. జనం ఆయన్ని కొడుతుంటే నేను పిల్లల్ని గబగబా బయటికి నడిపించి బస్సెక్కించాను. ముందు చేసిన పని అది.

మర్నాడు కాంట్రాక్టర్ నాకు కబురు పంపాడు. గుర్రాల రాట్నం పక్కన కుర్చీలు వేసి కాంట్రాక్టర్, కుర్రవాడి తండ్రి, ఒక కానిస్టేబుల్ కూచుని ఉన్నారు. కరెంటాయన కింద కూచున్నాడు, కన్ను వాచి ఉంది. ఏమీ చెప్పుకున్నట్టు లేడు. నేను పిలిచానన్న మాట కూడా చెప్పలేదని వాళ్లు అడిగే తీరులోనే తెలిసిపోయింది. చదువుకున్న మనిషినని నా మాట కోసం ఆగారట.

"మేడం, మీరు చూసిండ్రు గదా," అన్నాడు కాంట్రాక్టర్. "ఈయన స్విచ్ కాడ ఉన్నడా, లేడా?"

"లేడు," అన్నాను.

"పిలగాడు కొట్టుకుంటుంటె ఉల్టా దిక్కు ఉరికిండా?"

"ఉరికాడు."

అంతే. పరీక్షలో అడిగినదానికే జవాబు రాయండి, ఎక్కువ రాయొద్దు అని నేను ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. ఆ రోజు నేనూ అదే రాశాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా నన్ను తింటున్నది అదే. అబద్ధం చెప్పి ఉంటే ఒప్పుకోవడానికి ఒక తప్పన్నా దొరికేది. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. అడగకుండా ఆడపిల్లల్ని తీసుకుపోయానని తెలిస్తే ఏమవుతుందోనని భయపడ్డాను. నేను పిలిచానని చెప్పాల్సి వస్తుందని, ఎందుకు పరుగెత్తాడో కూడా చెప్పలేదు.

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు. జవాబులో రెండో సగం ఇంకా ఉంది కదా అన్నట్టు కాసేపు చూశాడు. అది రాదని అర్థమయ్యాక తువ్వాల దులుపుకుని లేచాడు.

పని పోయింది. ఈయన్ని ఎక్కడా స్విచ్ దగ్గరికి రానివ్వద్దని కాంట్రాక్టర్ తెలిసినవాళ్లందరికీ చెప్పాడట. బస్తీలో కరెంటాయన అనే పేరు కూడా పోయి, స్విచ్చిడిసి ఉరికినోడు అయ్యాడు. ఇస్త్రీ ఆమే నాకా మాట చెప్పింది. ఇంతకాలం మంచోడనుకున్నామని వాపోయింది. నేను విని, బట్టల మూట తీసుకుని ఇంటికి వచ్చాను. క్లాసులో ఒకమ్మాయి లేచి, మేడం, మనమే కదా ఆయన్ని పిలిచింది అని అడిగింది. పుస్తకం తెరవమన్నాను.

ఏడాది తిరిగి మళ్లీ దసరా వచ్చేసరికి ఉండబట్టలేకపోయాను. రాంనగర్‌లో ఒక పిండిగిర్నిలో పనిచేస్తున్నాడని విని, ఒక మధ్యాహ్నం స్టీలు డబ్బా నిండా పండక్కి చేసిన గరిజలు పెట్టుకుని వెతుక్కుంటూ పోయాను. గిర్ని హోరుమంటోంది. కనుబొమ్మల మీద పిండి. ఎడమచెయ్యి మాత్రం స్విచ్ మీద ఉంది. నన్ను చూసి, గిర్ని బంద్ చేసి, అప్పుడు బయటికి వచ్చాడు. సగంలో ఆగిన గోధుమల వాళ్లు గొణిగారు.

ఆ పిలగాడి చెయ్యి మంచిగైందా అని అడిగాడు. అతుక్కుందని విన్నానన్నాను. వారం రోజులుగా కూడబలుక్కున్నదంతా ఒక్కసారి చెప్పేశాను. నేనే పిలిచానని ఆ రోజు చెప్పాల్సింది, ఇప్పుడైనా పోయి కాంట్రాక్టర్‌కు చెబుతాను, అన్నాను.

"మీరు అబద్ధం జెప్పలే టీచరమ్మా," అన్నాడు. "నేను స్విచ్ కాడ లేను. ఎవలు పిలిస్తె ఏంది, పోవద్దు గదా. అది నా తప్పే." చేతుల పిండి దులుపుకున్నాడు. "గని ఎందుకు ఉరికిన్నో మీకొక్కరికే ఎరుకుండె."

డబ్బా చాపాను. ఆయన చెయ్యి ముందుకొచ్చింది, తిరిగింది. వేళ్ల వెనక వైపుతో డబ్బా మూతను ఇట్టే తాకి తీసి, ఆ తర్వాత అందుకున్నాడు. ఇంట్లో అందరూ మంచిగున్నారా అని అడిగి, మా అత్తమ్మను కూడా అడిగానని చెప్పమని, లోపలికి పోయి గిర్ని వేసుకున్నాడు.

ఇనుము కనిపిస్తే తిరిగే చెయ్యి కదా, అలవాటే అయి ఉంటుందని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. కానీ మా ఇంటి స్టీలును ఆయన అట్లా తాకి చూడటం మానేసి అప్పటికి మూడేళ్లయింది.